చెస్టర్ ఆర్థర్‌కి 30వ ర్యాంకు ఏంటండీ? అమెరికా ప్రెసిడెంట్లకి మార్కులేసే చరిత్రకారులకి బహిరంగ లేఖ

ప్రొఫెసర్లందరికీ నమస్కారం.

2021లో సీ-స్పాన్ అనే అమెరికా టీవీ ఛానెల్ వాళ్ళ సర్వేలో మీరు 142 మంది కలిసి 44 మంది ప్రెసిడెంట్లకి మార్కులేశారు కదా, ఆ లిస్టు గురించే ఈ ఉత్తరం. అమెరికాలో ఉన్న మా తెలుగు పిల్లలు స్కూల్లో ప్రెసిడెంట్ల మీద ప్రాజెక్ట్ చేయాలంటే ముందు వెతికేది ఇలాంటి ర్యాంకుల్నే, పైన ఉన్న పదిమందిలో ఒకర్ని తీసుకుని చేసేస్తారు, కింద ఉన్నవాళ్ళ పేర్లు కూడా ఎవరూ చూడరు. ఒక మనిషిని దేశం గుర్తుపెట్టుకోవాలా వద్దా అనేది మీ మార్కులు చాలావరకు తేల్చేస్తున్నాయి, అందుకే మీతో గట్టిగా మాట్లాడాలనిపించింది.

ముందు రెండు పేర్లు చూడండి. జేమ్స్ గార్ఫీల్డ్ 27, ఆయన తర్వాత ప్రెసిడెంట్ అయిన చెస్టర్ ఆర్థర్ 30. గార్ఫీల్డ్ 1881 మార్చి 4న ప్రమాణం చేశాడు, జూలై 2న గిటో అనేవాడు కాల్చాడు, సెప్టెంబర్ 19న చనిపోయాడు. పని చేయగలిగింది నాలుగు నెలలే, మిగతా రెండున్నర నెలలు మంచం మీద నరకం చూశాడు పాపం. మంచి మనిషి, న్యూయార్క్‌లో చక్రం తిప్పే సెనేటర్ కాంక్లింగ్‌ని ఎదిరించి నిలబడ్డాడు, అది కాదనను. కానీ ఆయన్ని కాల్చినవాడు పార్టీకి పని చేశాను కాబట్టి నాకు సర్కారు ఉద్యోగం ఇవ్వాల్సిందే అని తిరిగి తిరిగి అది దక్కక కాల్చాడు, అప్పట్లో ఉద్యోగాలన్నీ అలాగే పంచేవాళ్ళు మరి, గెలిచిన పార్టీ మనుషులకి పోస్టాఫీసు నుంచి కస్టమ్స్ ఆఫీసు దాకా కుర్చీలు, ఆ కుర్చీ ఇచ్చినందుకు జీతంలోంచి పార్టీకి వాటా. సిఫార్సుతో కాకుండా పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకునేలా చేసి ఈ పద్ధతి మీద మొదటి దెబ్బ కొట్టిన పెండిల్టన్ చట్టం మీద సంతకం పెట్టింది ఆర్థర్, 1883 జనవరి 16న. ఆ పని చేసినాయనకి 30, చేసే టైమే దొరకనాయనకి 27. ఇది ఏ లెక్కండీ?

ఆర్థర్ గతం నేను దాచట్లేదు, నిజానికి ఆ గతం తెలిస్తేనే ఆయన చేసింది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. 1871 నుంచి 1878 దాకా న్యూయార్క్ పోర్టుకి కలెక్టర్, దేశానికొచ్చే కస్టమ్స్ సుంకంలో సగానికి పైగా ఆ ఒక్క ఆఫీసులోనే వసూలయ్యేది. కాంక్లింగ్ చెప్పిన మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టడం, వాళ్ళ జీతాల్లోంచి పార్టీకి చందా వసూలు చేయించడం, ఇదే ఆయన పని. అప్పటి ప్రెసిడెంట్ హేస్ విసిగిపోయి 1878లో తీసి పక్కన పెట్టాడు. అలాంటాయన వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే, కాల్చినవాడేమో ఇక ఆర్థరే ప్రెసిడెంట్ అని అరిచాడు. దేశం మొత్తం ఈయన వైపు అనుమానంగా చూసింది.

అప్పుడు జూలియా శాండ్ అనే ఆవిడ ఉత్తరం రాసింది. న్యూయార్క్‌లో ఉండేది, ముప్పై దాటిన వయసు, ఆరోగ్యం బాలేక ఎక్కువగా ఇంట్లోనే, రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు, అప్పటికి ఆడవాళ్ళకి ప్రెసిడెంట్ ఎన్నికలో ఓటు కూడా లేదు. 1881 ఆగస్టులో, గార్ఫీల్డ్ ఇంకా ప్రాణంతో ఉండగానే రాసింది, జనం ఇంతలా బాధపడుతున్నది ఆయన పోతున్నందుకు కాదు, మీరు ఆ కుర్చీలోకి వస్తున్నందుకు, ఆ సంగతి మీకు తెలుసా అని. తిట్టి ఊరుకోలేదు, మీలో ఎక్కడో మంచి ఉంది, పెద్ద కష్టం వచ్చినప్పుడే అది బయటికొస్తుంది, మారండి అని అడిగింది. అలా మొత్తం 23 ఉత్తరాలు. 1882 ఆగస్టులో ఒకరోజు ఆర్థర్ చెప్పాపెట్టకుండా ఆవిడ ఇంటికే వెళ్ళాడు. చనిపోయే ముందు తన కాగితాలు చాలావరకు తగలబెట్టించాడు, కానీ ఆవిడ ఉత్తరాలు మాత్రం మిగిలాయి, ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఉత్తరాల వల్లే మారాడని నేను అనట్లేదు. ఎన్నికల్లో రిపబ్లికన్లకి దెబ్బ తగిలింది, జనం కోపంగా ఉన్నారు, అదీ ఉంది. కానీ తనని పెంచి పెద్దచేసిన వ్యవస్థని తన చేత్తోనే కోయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. పాత స్నేహితులు దూరమయ్యారు, కాంక్లింగ్ అయితే మొహం చాటేశాడు. ఆ చట్టం కింద పరీక్షలు చూసుకునే సివిల్ సర్వీస్ కమిషన్‌ని మొక్కుబడిగా వదిలేయకుండా, దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడిన డోర్మన్ ఈటన్‌నే పిలిచి దానికి పెద్దగా పెట్టాడు. మొదట్లో ఫెడరల్ ఉద్యోగాల్లో ఓ పది శాతమే పరీక్ష కిందికి వచ్చాయి, కానీ ప్రెసిడెంట్లు పెంచుకుంటూ పోయే వీలు చట్టంలోనే పెట్టారు, ఒక్కొక్కరూ పెంచుకుంటూ పోయారు. గ్రూప్-1, గ్రూప్-2 అంటూ ఏళ్ళకేళ్ళు గదుల్లో కూర్చుని చదివే పిల్లలున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మేము, ఎవరి సిఫార్సూ లేకుండా ఒక పేపర్ రాసి ఉద్యోగం తెచ్చుకోవడం పేదింటి పిల్లకి ఏమిస్తుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదంతా చేస్తున్నప్పుడు ఆయనకి కిడ్నీ జబ్బు, 1882లోనే తెలిసింది, బయటికి చెప్పలేదు. 1886 నవంబర్‌లో చనిపోయాడు, దిగిపోయి రెండేళ్ళు కూడా కాలేదు.

ఇంకోటి, దీన్ని మీరు ఎంతమంది లెక్కలోకి తీసుకున్నారో. 1854లో న్యూయార్క్‌లో ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్లజాతి టీచరమ్మ ఆదివారం చర్చికి వెళ్తూ గుర్రపు ట్రామ్ ఎక్కితే కండక్టర్ పట్టుకుని కిందికి లాగేశాడు. ఆవిడ కంపెనీ మీద కేసు వేసింది, వాదించిన కుర్ర లాయరే చెస్టర్ ఆర్థర్, వయసు ఇరవై అయిదు. 1855లో గెలిచారు, జ్యూరీ 225 డాలర్లు ఇప్పించింది, ఆ కంపెనీ తన బండ్లలో అందర్నీ ఎక్కించుకోక తప్పలేదు. బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదలనన్న రోజా పార్క్స్‌కి వందేళ్ళ ముందు సంగతి ఇది. ప్రెసిడెంట్ అవ్వకముందు చేసింది లెక్కకి రాదు అంటారా, సరే, కానీ మంచి మనిషి అకస్మాత్తుగా ఊడిపడలేదు, ముందు నుంచీ లోపల ఉన్నాడు అని అయినా తెలుస్తుంది కదా.

ఇక ఆయన మీద నాకున్న కోపం కూడా చెప్తా. 1882లో చైనా కూలీల్ని ఇరవై ఏళ్ళపాటు రానివ్వకూడదని కాంగ్రెస్ బిల్లు పంపితే ఏప్రిల్‌లో వీటో చేశాడు, శభాష్ అనుకునేలోపే దాన్ని పదేళ్ళకి తగ్గించి మళ్ళీ పంపితే మే 6న సంతకం పెట్టేశాడు. పదేళ్ళన్నది పెరిగి పెరిగి 1943 దాకా సాగింది. ఆ గోడే తర్వాత మా మీదకీ వచ్చింది, 1917లో ఆసియాలో చాలా భాగానికి తలుపులు మూసేశారు, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇండియా వాళ్ళు తెల్లవాళ్ళు కాదు కాబట్టి సిటిజన్లు కాలేరని సుప్రీంకోర్టు తేల్చింది, 1946 వరకు అదే పరిస్థితి. కాబట్టి ఆర్థర్‌ని దేవుణ్ణి చేయమని అడగట్లేదు. ఆ సంతకానికి మార్కులు కోయండి, నేనూ కోస్తాను. కానీ కోసేదేంటో, వేసేదేంటో పూర్తిగా చూసి చేయండి.

మీరు పది విభాగాల్లో మార్కులేస్తారు, అన్నిటికీ సమానమైన విలువ. జనాన్ని ఒప్పించే శక్తి, సంక్షోభంలో నాయకత్వం, ఆర్థిక నిర్వహణ, నైతిక బలం, విదేశీ సంబంధాలు, పాలనా నైపుణ్యం, కాంగ్రెస్‌తో సంబంధాలు, ముందుచూపు, అందరికీ సమన్యాయం, ఆ కాలానికి తగ్గట్టు పనితీరు. వినడానికి బాగానే ఉంది, కానీ చూడండి, వీటిలో ఎన్ని గట్టిగా మాట్లాడేవాడికీ, యుద్ధం చేసినవాడికీ కలిసొచ్చేలా ఉన్నాయో. యుద్ధం రాకుండా చూసుకున్నవాడికి సంక్షోభం మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి? మేము సిటిజన్‌షిప్ కోసం బట్టీ పట్టిన 2008 నాటి వంద ప్రశ్నల్లో కూడా ఇంతే, వాషింగ్టన్, లింకన్, మొదటి ప్రపంచ యుద్ధానికి విల్సన్, రెండో దానికి రూజ్వెల్ట్, ఐసన్‌హోవర్ ఏ యుద్ధంలో జనరల్ అని ఇంకో ప్రశ్న. ప్రెసిడెంట్ పేరు అడిగితే పక్కనే ఒక యుద్ధం పేరు చెప్పాలన్నట్టు ఉంటుంది.

విల్సన్‌నీ ఆయన తర్వాత ప్రెసిడెంట్ అయిన హార్డింగ్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1948లో ష్లెసింజర్ అనే చరిత్రకారుడు మొదటిసారి తోటి చరిత్రకారుల్ని అడిగి లిస్టు చేసినప్పుడు విల్సన్ నాలుగో స్థానం, హార్డింగ్ అందరికన్నా కింద. 2021లో విల్సన్ 13, హార్డింగ్ 37. విల్సన్ వచ్చాకే, 1913 నుంచి, ఫెడరల్ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగుల్ని వేరు చేయడం మొదలైంది, ట్రెజరీలో, పోస్టల్ శాఖలో. 1914 నుంచి సివిల్ సర్వీస్ అప్లికేషన్‌కి ఫోటో అంటించాలన్నారు, అంటే పరీక్షలో మార్కులు వచ్చినా మొహం చూసి ఆపేయొచ్చు, ఆర్థర్ తెరిచిన ఆ కొద్ది తలుపుని కూడా ఇలా మూశారు. నిలదీయడానికి వెళ్ళిన నల్లజాతి పత్రికా సంపాదకుడు మన్రో ట్రాటర్‌ని వైట్‌హౌస్ నుంచి పంపించేశాడు. యుద్ధానికి వ్యతిరేకంగా ఒహాయోలోని కాంటన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి పదేళ్ళ జైలు పడింది, యుద్ధం అయిపోయాక కూడా వదలండయ్యా అంటే విల్సన్ ససేమిరా అన్నాడు. డెబ్స్ 1920లో జైల్లోంచే పోటీ చేస్తే 9 లక్షలకి పైగా ఓట్లు వచ్చాయి.

ఆ డెబ్స్‌ని వదిలింది హార్డింగ్. 1921 క్రిస్మస్ రోజున విడుదల చేయించి వైట్‌హౌస్‌కి పిలిచి కలిశాడు. ఓక్లహోమాలోని తల్సాలో తెల్లవాళ్ళ గుంపు నల్లజాతి వాళ్ళ పేట మొత్తాన్ని తగలబెట్టిన కొద్ది రోజులకే, 1921 జూన్ మొదటివారంలో, పెన్సిల్వేనియాలో నల్లజాతి విద్యార్థుల లింకన్ యూనివర్సిటీకి వెళ్ళి మాట్లాడాడు. అదే ఏడాది అక్టోబర్ 26న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, శ్రోతల్ని రంగును బట్టి విడదీసి నిలబెట్టిన సభలో, నల్లజాతి వాళ్ళకి ఓటు, చదువు, ఉద్యోగం సమానంగా ఉండాలని మొహం మీదే చెప్పాడు. అదే ఉపన్యాసంలో సామాజికంగా కలవక్కర్లేదని కూడా అన్నాడు, అది తప్పే. కానీ ఆ ఊళ్ళో ఆ రోజున ఒక ప్రెసిడెంట్ ఆ మాత్రం అనడం చిన్న విషయం కాదు. లించింగ్‌ని, అంటే గుంపుగా చేరి మనిషిని చంపేయడాన్ని, ఆపే డయ్యర్ బిల్లుకి మద్దతిచ్చాడు, హౌస్‌లో 1922 జనవరిలో పాసయ్యింది, సెనేట్‌లో సదరన్ డెమొక్రాట్లు పాస్ కానివ్వలేదు. ప్రభుత్వానికి ఒక సరైన బడ్జెట్ పద్ధతి తెచ్చిన 1921 చట్టం ఆయనదే. వాషింగ్టన్‌లో పెద్ద దేశాల్ని కూర్చోబెట్టి యుద్ధనౌకల మీద పరిమితి పెట్టించిందీ ఆయన ప్రభుత్వమే.

టీపాట్ డోమ్ కుంభకోణం గుర్తుచేస్తారని తెలుసు. ఆయన మంత్రి ఆల్బర్ట్ ఫాల్ లంచం తీసుకుని ప్రభుత్వ చమురు భూములు లీజుకిచ్చాడు, చివరికి జైలుకెళ్ళాడు. స్నేహితుల్ని నమ్మి కుర్చీల్లో కూర్చోబెట్టడం హార్డింగ్ చేసిన ఘోరమైన తప్పు, అందులో సందేహమే లేదు. 1921లో వలసలకి కోటా పెట్టే చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే, అదీ నేను మర్చిపోలేదు. కానీ లంచం తిన్న మంత్రి ఉన్నవాడు 37లో ఉండి, మాట్లాడినందుకు మనుషుల్ని జైల్లో కుళ్ళబెట్టినవాడు 13లో ఉంటే, దొంగతనం కన్నా మనిషి స్వేచ్ఛ పోవడం మీకు చిన్న విషయంగా కనిపిస్తోందా అని అడగాల్సి వస్తోంది. విల్సన్ ప్రిన్స్‌టన్ ప్రొఫెసరు, రాయడం వచ్చు, ఉపన్యాసం వచ్చు, మీలో ఒకడిలా ఉంటాడు. హార్డింగ్ ఒహాయోలో చిన్న ఊరి పేపర్ నడుపుకున్నవాడు. ఈ తేడా మార్కుల్లోకి రాలేదని మీరు చెప్పగలరా?

మీరు మారరు అని నేను అనను, మారారు కూడా. గ్రాంట్ సంగతే చూడండి. 1948లో హార్డింగ్‌కి పైన, చివరి నుంచి రెండో స్థానం. సీ-స్పాన్‌లో 2000లో 33, 2009లో 23, 2017లో 22, 2021లో 20. గ్రాంట్ కొత్తగా ఏమీ చేయలేదు కదా, 1885లోనే పోయాడు. 1871లో క్లాన్ చట్టం తెచ్చి, సౌత్ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్‌ని, అంటే ఎందుకు పట్టుకున్నారని కోర్టులో అడిగే హక్కుని, ఆపి, అటార్నీ జనరల్ ఏకర్మన్‌తో కేసులు పెట్టించి నల్లజాతి వాళ్ళని చంపి భయపెట్టే కు క్లక్స్ క్లాన్ నడ్డి విరిచిన సంగతి కాగితాల్లో ఎప్పటి నుంచో ఉంది. కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ డన్నింగ్ శిష్యులు, సివిల్ వార్ తర్వాత సౌత్‌ని తిరిగి నిలబెట్టిన రీకన్‌స్ట్రక్షన్ కాలం అంటేనే దోపిడీ అని రాసి పెట్టారు, అదే తరాల పాటు పాఠమైంది, నల్లజాతి చరిత్రకారులు అది అబద్ధం అని దశాబ్దాల ముందే మొత్తుకున్నా మీ ముందుతరం వినలేదు. విన్నాక గ్రాంట్ పైకొచ్చాడు. అంటే ర్యాంకు మారింది చచ్చిపోయిన మనిషి వల్ల కాదు, ఎవరి మాట వింటున్నారు అన్నదాన్ని బట్టి. మరి ఇంకా ఎవరి మాట వినలేదో ఒకసారి చూసుకోవాలి కదా.

పరాగ్వే వాళ్ళని అడిగితే రూథర్‌ఫర్డ్ హేస్ గురించి వేరే మాట చెప్తారు. యుద్ధంలో సర్వనాశనమైన ఆ దేశానికీ అర్జెంటీనాకీ మధ్య చాకో భూమి గొడవ వస్తే 1878లో హేస్ మధ్యవర్తిగా పరాగ్వేకి ఇచ్చాడు, ఇప్పటికీ అక్కడ ఆయన పేరు మీద ఒక పెద్ద జిల్లా, ఒక పట్టణం, నవంబర్ 12న పండగ. ఇంట్లో మాత్రం 1877లో సౌత్‌లో నల్లజాతి వాళ్ళకి అండగా ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలిచినవాడు, దాని మూల్యం వాళ్ళు దాదాపు తొంభై ఏళ్ళు కట్టారు. 33వ ర్యాంకు దగ్గర నాకు మీతో పేచీ లేదు.

కార్టర్ దగ్గర ఉంది. 26 ఇచ్చారు, రీగన్‌కి 9. ధరలు మండిపోతుంటే 1979లో పాల్ వోల్కర్‌ని ఫెడ్‌కి, అంటే అక్కడి రిజర్వ్ బ్యాంకుకి, పెద్దగా తెచ్చింది కార్టర్, వడ్డీ రేట్లు ఇరవై శాతం దాకా పోయి జనం తిట్టుకుంటున్నా, ఎన్నికల ఏడాది అయినా, ఆయన్ని కదిలించలేదు. ఓడిపోయాడు. ధరలు దిగొచ్చేసరికి కుర్చీలో రీగన్ ఉన్నాడు. చేదు మందు వేసినవాడికీ జ్వరం తగ్గాక పలకరించినవాడికీ ఆర్థిక నిర్వహణ కింద మార్కులు ఎలా పంచారో చెప్తే వినాలని ఉంది.

ఇక మా తెలుగువాళ్ళ సంగతికొస్తే, అమెరికాలో ఉన్న మాలో లక్షల మంది జీవితాన్ని మార్చిన సంతకం ఎవరిదో మాకే తెలియదు. 1965 వలసల చట్టం, ప్రెసిడెంట్ జాన్సన్ అని కొందరికి తెలుసు. కానీ హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని హెచ్-వన్-బీ మీద విమానం ఎక్కిన తరానికి ఆ వీసా పుట్టింది 1990 నవంబర్ 29న, సీనియర్ బుష్ సంతకంతో. అదే చట్టంలో ఏడాదికి 65 వేల హెచ్-వన్-బీలు, 1 లక్షా 40 వేల ఉద్యోగపు గ్రీన్ కార్డులు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న లెక్క. ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కని, ఇంకా గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్న మావాళ్ళ కష్టం కూడా అక్కడిదే. మేలూ కీడూ ఒకే కాగితంలో ఉన్నాయి. అదే 1990లో జూలై 26న వికలాంగుల హక్కుల చట్టం, ఇవాళ ఫుట్‌పాత్ అంచున వీల్‌చైర్ దిగే వాలు కనిపిస్తే అది చాలావరకు దాని పుణ్యమే. నవంబర్‌లో యాసిడ్ వర్షాలని తగ్గించిన క్లీన్ ఎయిర్ సవరణలు. పన్నులు పెంచనని మాటిచ్చి, లోటు తగ్గించడానికి అదే ఏడాది మాట తప్పి పన్ను పెంచాడు, 1992లో 37 శాతం ఓట్లతో ఇంటికెళ్ళాడు. ఒక్క ఏడాదిలో ఇన్ని చేసిన మనిషి గురించి అడిగితే అందరూ చెప్పేది గల్ఫ్ యుద్ధం ఒక్కటే. 21వ ర్యాంకు తక్కువా ఎక్కువా అని కాదు నా బాధ, అది దేనికి వచ్చిందో అన్నది.

కాబట్టి ఈసారి మార్కులేసేటప్పుడు కొన్ని చేయండి. 31 రోజులే ఉన్న విలియం హెన్రీ హారిసన్‌కి 40వ ర్యాంకు వేయడం మానేయండి, గార్ఫీల్డ్‌ని కూడా లెక్క నుంచి పక్కన పెట్టండి, పని చేసే అవకాశం రానివాళ్ళకి నంబరు అవసరం లేదు, గౌరవం చాలు. అందరికీ సమన్యాయం అన్న విభాగం పదిలో ఒకటిగా ఉంటే చాలదు, 1830లో ఆదివాసీల్ని వాళ్ళ నేల నుంచి వెళ్ళగొట్టే చట్టం మీద సంతకం పెట్టిన జాక్సన్ ఇంకా కార్టర్ కన్నా నాలుగు మెట్లు పైన ఉన్నాడంటే మిగతా తొమ్మిదీ దాన్ని ముంచేస్తున్నాయని అర్థం, దాని బరువు పెంచండి. చెరోకీ, లకోటా అనే ఆదివాసీ తెగల చరిత్ర మీద, చైనీస్ అమెరికన్ చరిత్ర మీద జీవితాంతం పని చేసినవాళ్ళని ఇంకా ఎక్కువమందిని పిలవండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మార్కు పక్కన రెండు వాక్యాలు కారణం రాయండి, మీ పేరు పెట్టకపోయినా పర్లేదు. హార్డింగ్‌కి నైతిక బలంలో ఇంతే ఎందుకు, విల్సన్‌కి అంత ఎందుకు అని పదో తరగతి చదివే పిల్ల చదివి, ఒప్పుకోకపోతే తన ప్రాజెక్టులో మీతో వాదించాలి.

ఇట్లు
మీ లిస్టుని కింద నుంచి పైకి చదివే ఒక తెలుగు పాఠకురాలు